“మైదా లేదు” అన్న మాట నమ్మి ఈ రాగి జొన్న పాస్తా కొనకండి

రోజూ మన ఫోన్లలో ప్రకటనలు గుప్పిస్తోందే, ఆ చిరుధాన్యాల దుకాణం, దాని రాగి జొన్న పాస్తా జోలికి వెళ్లకండి. ఇది నిన్న రాత్రి జరిగింది. నా కోపం ఇంకా చల్లారలేదు.

మా నాన్నగారికి పదకొండేళ్లుగా షుగరు. పిల్లలకు వైట్ సాస్ పాస్తా చేసిన ప్రతిసారీ ఆయన జొన్నరొట్టె తుంచుకుంటూ మనవల గిన్నెల వైపు చూసేవారు. ఈసారి అందరికీ ఒకటే వంట చేద్దామనుకున్నాను. సాస్‌లో మైదా, వెన్న, క్రీమ్ మానేశాను. కాలీఫ్లవర్‌ను నాలుగు వెల్లుల్లి రెబ్బలతో ఉడికించి, అరకప్పు పాలు పోసి రుబ్బితే చిక్కగా, తెల్లగా వచ్చింది. మిరియాల పొడి, బీన్స్, క్యాప్సికం వేశాను. సాస్ సంగతి నేను చూసుకున్నాను, పాస్తా విషయంలో వాళ్లను నమ్మాను. అరకిలో పొట్లం 320 రూపాయలు, మూడు తెప్పించాను.

ఉడికిస్తుంటే నీళ్లు కాఫీ డికాక్షన్‌లా మారాయి, పాస్తా మాత్రం తెల్లబడింది. అప్పుడే అనుమానం రావలసింది. రాగి కదా, రంగు దిగుతుందిలే అనుకున్నాను. నాన్నగారు మళ్లీ వడ్డించుకుని, “చాలా రోజులకు కడుపు నిండా తిన్నానమ్మా” అన్నారు. రెండు గంటల తర్వాత వేలు పొడిచి చూస్తే 268. జొన్నరొట్టె తిన్న రోజు 170 దాటదు.

పొట్లం తిప్పి చూశాను. పదార్థాల జాబితా మీద ధర చీటీ అంటించి ఉంది. గోరుతో గీకాను. గోధుమ రవ్వ 88 శాతం, జొన్నపిండి 7, రాగిపిండి 4, చివర కారమెల్ రంగు.

పొద్దున్నే ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి అంతా విని, “మేడం, మైదా లేదన్నాం. రవ్వ లేదని ఎక్కడన్నాం?” అన్నాడు. నాన్నగారి షుగరు సంగతి చెబితే, “షుగరు ఉన్నవాళ్లకు పాస్తా ఎందుకు పెట్టారు?” అన్నాడు. ఆ మాట పొద్దుటి నుంచి చెవిలో మోగుతూనే ఉంది. నిజమైన జొన్న అయినా కొలిచే పెట్టాలని నాకు తెలుసు. పెడుతున్నది ఏమిటో తెలిస్తే కదా కొలిచేది! విప్పిన పొట్లానికి డబ్బు వాపసు ఇవ్వరట, విప్పనివాటికి కూడా వాపసు గడువు దాటిపోయిందట.

తప్పు నాది కూడా. పసుపు పొట్లం కొన్నా వెనక చదివే నేను, నాన్నగారు తినే దానికి ముందున్న రాగి కంకుల బొమ్మ చూసి ఊరుకున్నాను. రాత్రంతా అదే బాధ.

కొనేవాళ్లు ఒక్కటి చూడండి. బరువులో ఏది ఎక్కువైతే దాని పేరే జాబితాలో ముందు రాయాలన్నది నిబంధన. మొదటి పేరు రవ్వ అయితే అది రవ్వ పాస్తానే. వెనక వైపు ఫోటో పెట్టకపోతే అడిగి తెప్పించుకోండి, పంపకపోతే కొనకండి.

వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. విప్పని రెండు పొట్లాలూ చీటీలతో సహా అలాగే దాచి ఉంచాను.