బేస్‌మెంట్‌లో రేడాన్ మానిటర్: కొన్ని చలికాలాలు వాడాక

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఇల్లు తీసుకుంటున్నామని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది రేడాన్ గురించే. ఇక్కడి 99 కౌంటీలనూ అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ రేడాన్ ముప్పు ఎక్కువున్న జోన్ 1లో పెట్టింది. నేలలోని యురేనియం నుంచి పుట్టే ఈ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. పొగతాగనివాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మొదటి కారణం ఇదేనని ఈపీఏ అంటుంది.

మేం వాడేది ఎయిర్‌థింగ్స్ కంపెనీ మానిటర్, కొరెంటియమ్ హోమ్. మూడు ట్రిపుల్-ఏ బ్యాటరీలు వేసి పెట్టేస్తే చాలు, చప్పుడు చేయదు. తెర మీద ఒక రోజు, ఏడు రోజుల అంకెలు, దీర్ఘకాల సగటు కనిపిస్తాయి. ఫోన్‌కి కలవదు, గ్రాఫ్ ఉండదు. నెలనెలా క్యాలెండర్ మీద రాసుకుంటాను.

ఇల్లు కొనేముందు చేయించిన రెండు రోజుల పరీక్ష ఆ రెండు రోజుల సంగతే చెప్పింది. మానిటర్ పెట్టాక చూస్తే ఎండాకాలంలో లీటరు గాలికి 3 పికోక్యూరీల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) దగ్గరున్న అంకె జనవరిలో 8 దాటింది. చలికి తలుపులన్నీ బిగించి హీటర్ వేస్తాం కదా, వేడిగాలి పైకి పోతుంటే కింద నేలలోని గాలిని ఇల్లు లాక్కుంటుంది. 4 పికోక్యూరీలు దాటితే సరిచేయించమని ఈపీఏ సలహా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు ఇంకా తక్కువ, సుమారు 2.7. ఒక్కరోజు అంకెకి కంగారు పడకండి, సగటు చూడండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే చాలామందిమి పడక వేసేది బేస్‌మెంట్‌లోనే. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల ఆఫీసూ అక్కడే. కాబట్టి మానిటర్‌ని మనుషులు పడుకునే, కూర్చునే గదిలోనే పెట్టండి: నేలకి కనీసం 20 అంగుళాల ఎత్తున, కిటికీకి దూరంగా. గది మార్చినప్పుడు వెనక బొక్కలో పిన్నుతో రీసెట్ నొక్కాలి, లేకపోతే పాత గది సగటు కలిసిపోతుంది.

శ్లాబు కింద నుంచి గాలిని పైకప్పు దాకా లాగే పైపు, ఫ్యాన్ వేయించాక సగటు 1 లోపుకి దిగింది. ఆ తర్వాత మానిటర్ తీసేయనందుకే ఎక్కువ మేలు జరిగింది. ఒక ఫిబ్రవరిలో ఫ్యాన్ ఆగిపోతే, అంకె ఎక్కడం చూసే పట్టుకున్నాం.

ఇల్లు అమ్మేటప్పుడు మాత్రం దీని అంకె చాలదు, సర్టిఫికెట్ ఉన్న టెస్టర్ రిపోర్టే అడుగుతారు. కింది అంతస్తు అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్లు ముందు చవకైన బొగ్గు కిట్‌తో (గాలిలోని రేడాన్‌ని బొగ్గు పట్టుకుంటుంది, దాన్ని ల్యాబ్‌కి పంపాలి), చలికాలంలో చూసుకోండి. అంకె 4 దాటితే ఓనర్‌కి రాతపూర్వకంగా తెలియజేయండి.