క్లినికల్ హిప్నాసిస్: లైవ్ వర్క్‌షాపా, రికార్డెడ్ కోర్సా?

థెరపీ చేసేవాళ్ళు హిప్నాసిస్ నేర్చుకుందాం అనుకోగానే వచ్చే డౌట్ ఇదే.

ఖర్చు: రికార్డెడ్ కోర్సు చవక, ఎన్నిసార్లైనా చూడొచ్చు. వర్క్‌షాప్‌కి ఫీజుతో పాటు ప్రయాణం, రెండు మూడు రోజుల క్లినిక్ ఆదాయం కూడా పోతాయి.

శ్రమ: వీడియో చూసి ఇండక్షన్ (మనిషిని హిప్నాసిస్‌లోకి తీసుకెళ్ళే) మాటలు బట్టీ పట్టేయొచ్చు, కానీ అసలు పని మాటల్లో లేదు, ఎదుటి మనిషి ఊపిరి నెమ్మదించడం, రెప్పలు అదరడం గమనిస్తూ మన గొంతుని దానికి తగ్గట్టు దించడంలో ఉంది, అది పక్కన కూర్చుని తప్పులు దిద్దేవాళ్ళుంటేనే వస్తుంది. అమెరికన్ సైకియాట్రిస్ట్ మిల్టన్ ఎరిక్సన్ 1957లో మొదలుపెట్టిన అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ హిప్నాసిస్ ట్రైనింగుల్లో కూడా చిన్న గ్రూపుల్లో ప్రాక్టీసు చేయిస్తారు. అక్కడ మీరే ట్రాన్స్‌లోకి, అంటే హిప్నాసిస్ స్థితిలోకి, వెళ్ళి చూస్తారు, నా దృష్టిలో అదొక్కటి చాలు ఫీజుకి.

రిస్క్: ఒంటరిగా నేర్చుకుంటే నాకు భయం ఇక్కడే. పాత జ్ఞాపకాలు తవ్వబోతే క్లయింట్ జరగనివి కూడా జరిగాయని గట్టిగా నమ్మేయొచ్చు. క్లయింట్‌కి సైకోసిస్ (భ్రమకీ వాస్తవానికీ తేడా తెలియని స్థితి) ఉంటే ఇంకా జాగ్రత్త.

ఇప్పటికే సూపర్‌వైజర్ ఉండి, రిలాక్సేషన్ వరకే వాడాలంటే రికార్డెడ్‌తో మొదలుపెట్టండి. ట్రామా, నొప్పి కేసులు చూస్తుంటే మాత్రం అప్పు చేసైనా సరే వర్క్‌షాప్‌కే వెళ్ళండి.