గ్రూప్-1 వ్యాసాల బ్యాచ్, కర్నూలు: దిద్దుబాటుకు చేరండి, నోట్సు మాత్రం కొనకండి

నేను ఓర్వకల్లు వైపు ఒక సచివాలయంలో పని చేస్తూ గ్రూప్-1కు చదువుతున్నాను. ఇద్దరు పిల్లలు. వారంలో నాకంటూ మిగిలేది ఆదివారం ఒక్క పూట. ఆ పూటను ఎనిమిది వారాలు కర్నూలులో ఒక కోచింగ్ సెంటర్ వ్యాసాల బ్యాచ్‌కు ఇచ్చాను. సెంటర్ పేరు రాయడం లేదు. ఫీజు 4,500, స్పైరల్ చేసిన నోట్సుకు 350 వేరే.

ముందు మంచి చెప్తా. వ్యాసం రాసిస్తే వారం తిరిగేలోపు దిద్ది ఇస్తారు. పేరా ఎక్కడ తెగింది, ఉదాహరణ ఎందుకు అతకలేదు అని పక్కన ఎర్ర పెన్నుతో రాస్తారు. సాగదీసి రాసే నా అలవాటు అక్కడే పోయింది. ఆడవాళ్ళకు వేరే బాత్రూమ్, లోపల గడియ, నీళ్ళు ఉన్నాయి. తెల్లారకముందే బస్సెక్కి వచ్చేవాళ్ళకు అది చిన్న విషయం కాదు.

ఇక నోట్సు. ఆరో వారం అంశం వాక్ స్వాతంత్ర్యం. తొమ్మిది పేజీల్లో ఆరు పేజీలు ఇంగ్లండు, ఫ్రాన్స్, అమెరికాల గొప్ప. 1789 ఫ్రెంచి మానవ హక్కుల ప్రకటన, మాటకు రక్షణ ఇచ్చిన 1791 అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ, లండన్ హైడ్ పార్కులో పెట్టె ఎక్కి మాట్లాడే మనిషి. మిగిలిన మూడు పేజీలు మన తప్పులు. ఆ తప్పులు నిజమే, ఒక్కటీ కాదనను. చివర బట్టీ కొట్టమని గళ్ళలో పెట్టిన వాక్యం మాత్రం నాకు మింగుడు పడలేదు: ‘పాశ్చాత్య ప్రజాస్వామ్యాల్లో మాటకు అడ్డు లేదు.’

మన తప్పుల్లో మొదటిది 1988 అక్టోబరులో సల్మాన్ రష్దీ నవల ‘ది సెటానిక్ వర్సెస్’ దిగుమతిని ఆపడం. సరే. సరిగ్గా అదే నెలలో బ్రిటన్ ప్రభుత్వం ఏం చేసింది? ఉత్తర ఐర్లండు పార్టీ సిన్ ఫెయిన్ నాయకుల గొంతు టీవీలో, రేడియోలో వినపడకూడదని ఆంక్ష పెట్టింది. పార్లమెంటుకు గెలిచిన ఆ పార్టీ అధ్యక్షుడు జెర్రీ ఆడమ్స్ తెర మీద పెదాలు కదిలిస్తుంటే, మాట మాత్రం ఎవరో నటుడి గొంతులో వచ్చేది. 1994 దాకా అదే తంతు. ఆ నవల మీద దైవదూషణ కేసు పెట్టమని అక్కడి ముస్లింలు కోర్టుకు పోతే, ఆ చట్టం క్రైస్తవానికి మాత్రమే అని తేల్చారు. 2008లో గానీ ఆ చట్టాన్ని తీసెయ్యలేదు. ఒకే నెల, ఒకే విషయం. నోట్సులో మనది ఉంది, వాళ్ళది లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. క్లాసు జరిగేది కర్నూలులో. 1883లో ఇదే కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు రాజద్రోహం కింద మూడేళ్ళు వేలూరు జైల్లో కఠిన శిక్ష పడ్డాడు. మా జేజినాయన ఆయన పేరు ఎత్తినప్పుడల్లా గొంతు తగ్గించి, మర్యాదగా పలికేవాడు. జైలు నుంచి వచ్చాక ఊరూరా గ్రంథాలయాలు పెట్టించడానికే బతుకంతా తిరిగిన మనిషి. ఆయన్ను జైల్లో వేసింది హైడ్ పార్కు దేశమే. అంతకు ముందు 1878లో వైస్రాయి లిట్టన్ తెచ్చిన పత్రికల చట్టం మన భాషల పత్రికలకే. ఇంగ్లీషు పత్రికల జోలికి పోలేదు. ఒకే తప్పుకు భాషను బట్టి శిక్ష! ఆరు పేజీల్లో వీటికి ఒక్క లైను దొరకలేదా?

లేచి అడిగాను. అమెరికాలో సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ సంగతి కూడా చెప్పాను. 1918లో యుద్ధానికి వ్యతిరేకంగా ఒహాయోలో ఒక్క ఉపన్యాసం ఇచ్చినందుకు పదేళ్ళ శిక్ష వేశారు, సుప్రీంకోర్టు కూడా సరేనంది. 1920లో జైల్లో ఉండే అధ్యక్ష పదవికి నిలబడితే తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. మొదటి సవరణ అప్పటికి నూట పాతికేళ్ళకు పైగా ఉన్నదే కదా సార్ అన్నాను. ‘పరీక్షకు అంత లోతు వద్దులేమ్మా’ అన్నారు సారు.

వెనక బెంచీ పిల్లోడు ఒకడు, ‘అయితే అక్కా, మనం కూడా లోపలేస్తే తప్పేముంది?’ అన్నాడు. ఆ మాటకు నేను ఒప్పుకోను. గాడిచర్లను లోపలేసిన రాజద్రోహం సెక్షన్‌ను వాళ్ళు పోతూ పోతూ వదిలిపెడితే మనం 2022లో సుప్రీంకోర్టు ఆపేదాకా వాడుకున్నాం. ఇంగ్లండు తన దగ్గరి రాజద్రోహాన్ని 2009లోనే రద్దు చేసుకుంది. రాజ్యాంగం వచ్చి ఏడాదిన్నర తిరక్కముందే, 1951లో, వాక్ స్వాతంత్ర్యానికి హద్దులు చెప్పే 19(2)కు కొత్త అడ్డులు చేర్చుకున్నదీ మనమే. వాళ్ళ తక్కెడ వంకరగా ఉందని మన తక్కెడను వంచుకోమని నేను అనలేదు.

ఫ్రాన్స్ సంగతి కూడా చూడండి. యూదుల నరమేధం జరగలేదనడం 1990 నుంచి అక్కడ నేరం. ఆర్మేనియన్ల నరమేధం జరగలేదనడాన్ని నేరం చేస్తూ తెచ్చిన చట్టాన్ని మాత్రం 2012లో అక్కడి రాజ్యాంగ మండలి వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని కొట్టేసింది. మొదటి చట్టం వెనక యూరపు గాయం ఉంది, అది నాకు అర్థమవుతుంది. కానీ అడ్డు లేదని మాత్రం రాయకూడదు.

ఆ వారం నా వ్యాసంలో గాడిచర్ల మీద ఒక పేరా రాశాను. ‘సిలబస్‌లో లేదు’ అని ఎర్ర పెన్నుతో కొట్టేశారు. రెండు మార్కులు పోయాయి. మెయిన్స్‌లో అంశం వస్తే ఆ పేరా మళ్ళీ రాస్తాను.

దిద్దుబాటుకు ఐదుకు నాలుగు, నోట్సుకు ఒకటి. బ్యాచ్‌లో చేరండి. చేరేటప్పుడే నోట్సు వద్దని గట్టిగా చెప్పండి, అడక్కపోతే ఫీజులో కలిపేస్తారు.