హెచ్‌ఆర్ హెడ్‌ల కోసం రెండు రోజుల వర్క్‌షాప్: ఫ్యాక్టరీ వాళ్లకి ఎంతవరకు పనికొస్తుంది?

పాశమైలారం పారిశ్రామికవాడలో మాత్రలు తయారుచేసే ఒక ఫార్మా యూనిట్‌లో హెచ్‌ఆర్ బాధ్యతలు నావి. 'మారుతున్న ఆర్థిక పరిస్థితుల్లో హెచ్‌ఆర్ నాయకుల ప్రాధాన్యాలు' అన్న పేరుతో హైటెక్ సిటీలోని ఒక హోటల్లో జరిగిన రెండు రోజుల వర్క్‌షాప్‌కి కంపెనీ నన్ను పంపింది. ఫీజు 18,000. జీఎస్టీ కలిపితే 21,240 రూపాయలు. నడిపిన సంస్థ పేరు రాయడం లేదు. దాదాపు ఇదే పాఠాన్ని ఇప్పుడు చాలామంది నడుపుతున్నారు, కాబట్టి లోపల ఏం చెప్తారో తెలిస్తేనే మీకు ఉపయోగం. ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను: రెండు మధ్యాహ్నాలకి డబ్బు పెట్టొచ్చు, రెండు ఉదయాలకి పెట్టక్కర్లేదు.

మొదటి ఉదయమంతా కృత్రిమ మేధ, హైబ్రిడ్ పని (కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు), విదేశీ కంపెనీలు హైదరాబాద్‌లో తెరుస్తున్న కేంద్రాలు. చెప్పినాయన బాగా చదువుకున్న మనిషి, మాట స్పష్టంగా ఉంది. కానీ ఆయన ఉదాహరణల్లో ఉద్యోగి అంటే ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడే. హాల్లో మాలాంటి వాళ్లు సగం మంది ఉన్నారు: ఆసుపత్రుల నుంచి, హోటళ్ల నుంచి, అచ్యుతాపురం ఫార్మా యూనిట్ల నుంచి వచ్చినవాళ్లు. కంప్రెషన్ మెషీన్ (పొడిని మాత్రలుగా నొక్కే యంత్రం) నడిపే ఆపరేటర్‌కి ఇంటి నుంచి పని అన్న మాటే లేదు. అతని పని మారడం లేదా అంటే మారుతోంది, అది కూడా చాలా వేగంగా. నిన్నటిదాకా బ్యాచ్ రికార్డు, అంటే ఒక్కో విడత మందు ఎలా తయారైందో రాసే పట్టిక, కాగితం మీద పెన్నుతో నింపేవాడు. ఇప్పుడు స్క్రీన్ మీద, తన సొంత లాగిన్‌తో నింపాలి. ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడితే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలో అది డేటా తప్పిదం కింద రాసుకుంటారు. పదేళ్ల అనుభవం ఉన్న మనిషి, చెవితో విని మెషీన్ రోగం చెప్పగల మనిషి, ఇంగ్లీషు స్క్రీన్ ముందు భయపడుతున్నాడు. అతన్ని నిలబెట్టుకోవడం ఎలా? కృత్రిమ మేధ గురించి చెప్పిన గంటన్నరలో ఒక పావుగంట దీనికి ఇచ్చి ఉంటే బాగుండేది.

ఆ ఉదయం నుంచి నేను తెచ్చుకున్నది ఒకటే. ఉద్యోగాల పేర్లు పక్కనపెట్టి, ఆ ఉద్యోగంలో చేసే పనులు ఒక్కొక్కటీ రాసి, వాటిలో ఏది యంత్రానికి పోతుంది, ఏది మనిషి దగ్గరే ఉంటుంది, ఏది కొత్తగా వస్తుంది అని మూడు గళ్లు గీయమన్నారు. తిరిగొచ్చాక బ్లిస్టర్ ప్యాకింగ్ (మాత్రల్ని రేకుల్లో పెట్టే) లైన్‌కి అలా గీశాం. కెమెరా తనిఖీ వచ్చాక చేత్తో ఏరే పని తగ్గిపోతుంది, కెమెరా ఎందుకు తిరస్కరించిందో చూసి సరిచేసే పని పెరుగుతుంది. ఆ రెండో పనికి శిక్షణ ఎవరికి ఇవ్వాలి అన్నప్పుడు అందరి నోటా ముందు వచ్చినవి డిప్లొమా కుర్రాళ్ల పేర్లు. ఏళ్ల తరబడి ఏరుతున్న ఆడవాళ్ల కళ్లకి తెలిసినంత వాళ్లకి తెలియదని కాగితం మీద చూశాకే ఒప్పుకున్నారు. శిక్షణ తెలుగులో, హిందీలో, ఒడియాలో ఇస్తున్నాం.

మొదటి రోజు మధ్యాహ్నం అసలు విషయం మొదలైంది. కార్మిక చట్టాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఒక న్యాయవాది వచ్చారు. నాలుగు లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన కొత్త చట్టాలు) 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి కదా, వాటిని ఆయన స్లైడ్లతో కాకుండా జీతం స్లిప్‌తో చెప్పారు. బోర్డు మీద ఒక సూపర్‌వైజర్ జీతం రాశారు: మొత్తం 30,000, అందులో బేసిక్, డీఏ కలిపి 13,000, మిగతా 17,000 ఇంటి అద్దె, ప్రయాణ ఖర్చు వగైరా అలవెన్సులు. వేతనానికి కొత్త కోడ్ ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఇలాంటి అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం కూడా వేతనం కిందికే వస్తుంది. ఇక్కడ సగం 15,000. దాటింది 2,000. అంటే వేతనం 13,000 కాదు, 15,000.

అక్కడి నుంచి మమ్మల్నే లెక్క వేయమన్నారు. పీఎఫ్ 12 శాతం చొప్పున 1,560 ఉండేది 1,800 అవుతుంది. పదేళ్ల సర్వీసుకి గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) 75,000 వచ్చేది 86,538 అవుతుంది. ఉద్యోగికి మంచిదే. కానీ మొత్తం జీతం పెంచకపోతే చేతికొచ్చేది నెలకి 240 రూపాయలు తగ్గుతుంది, ఆ నెల మొదటి వారంలో మన గది ముందు జనం ఉంటారు. "మీరు చట్టం చదవడం సగం పనే. 'మేడమ్, నా జీతం ఎందుకు కోశారు?' అని అడిగే మనిషికి అతని స్లిప్ మీదే చూపించి చెప్పగలగాలి" అన్నారాయన. ఆ మాట ప్రకారమే మా దగ్గర స్లిప్ వెనక తెలుగులో నాలుగు వాక్యాలు అచ్చువేయించాం. అడగడానికి వచ్చేవాళ్లు తగ్గలేదు, కానీ వచ్చినవాళ్లు కోపంగా కాకుండా లెక్క తెలుసుకోవడానికి వస్తున్నారు.

ఉద్యోగం మానేసినా, తీసేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలన్న నిబంధన మీద కూడా ఆయన బాగా ఆగారు. మన దగ్గర ఫైనల్ సెటిల్మెంట్ అంటే నెలా నెలన్నర పట్టడం అలవాటైపోయింది. స్టోర్స్ సంతకం, ఐటీ సంతకం, హాస్టల్ సంతకం, చివరికి సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉండటం. రెండు రోజుల్లో ఇవ్వాలంటే మొత్తం వరసనే మార్చాలి. రాజీనామా అందిన రోజే ఆ సంతకాలు మొదలవ్వాలి. ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే నిర్ణీత కాలానికి, తీసుకున్నవాళ్లకి ఏడాది నిండితే గ్రాట్యుటీ, ప్రతి ఒక్కరికీ నియామక పత్రం, నలభై దాటినవాళ్లకి ఏటా ఉచిత వైద్య పరీక్ష, ఇవన్నీ వేగంగా చెప్పి వదిలేశారు. సమయం చాల్లేదు. ఒక విషయం మాత్రం నాకు కొత్తగా తెలిసింది: ఉద్యోగుల్ని రిట్రెంచ్ చేస్తే (మిగులు అని తీసేస్తే) ఒక్కొక్కరికి 15 రోజుల వేతనం చొప్పున యజమాని రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్చుకునే) నిధికి కట్టాలి, అది 45 రోజుల్లో ఆ కార్మికుడి ఖాతాకి చేరాలి.

2025 సెప్టెంబరులో అమెరికా పేటెంట్ మందుల మీద 100 శాతం సుంకం ప్రకటించినప్పుడు, జెనరిక్స్ (పేటెంట్ లేని మందులు) మాత్రమే చేసే మా దగ్గర కూడా ఒక వారం అంతా టెన్షన్. 'మా ఉద్యోగాలు ఉంటాయా' అని క్యాంటీన్‌లో అడిగారు, నా దగ్గర సరైన జవాబు లేదు. ఆర్థిక పరిస్థితి మారడం అంటే ఫ్యాక్టరీలో ఇలా కనిపిస్తుంది. ఆర్డర్లు తగ్గితే ముందు ఎవర్ని ఆపుతాం, ఎవర్ని వేరే లైన్‌కి మారుస్తాం, ఎవరికి ఎప్పుడు చెప్తాం అన్నది ముందే రాసిపెట్టుకోవడం హెచ్‌ఆర్ హెడ్ చేయాల్సిన పని. వర్క్‌షాప్ పేరులో ఈ విషయం ఉంది, పాఠంలో లేదు.

రెండో ఉదయం నిరాశపరిచింది. కంపెనీకి మంచి పేరు ఎలా తెచ్చుకోవాలి, ఉద్యోగుల సంతృప్తిని అంకెల్లో ఎలా కొలవాలి అన్న పాఠం కాస్తా ఒక సాఫ్ట్‌వేర్ అమ్మకంగా మారింది. ఫీజు కట్టి వచ్చినవాళ్లకి అమ్మకం పాఠం చెప్పడం న్యాయం కాదు, అది ముందు కార్యక్రమంలో రాయాలి. ముఖం గుర్తుపట్టే హాజరు మెషీన్ గురించి గొప్పగా చెప్తుంటే నేను లేచి అడిగాను: 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు కూడా వచ్చాయి కదా, మూడు నెలలు పనిచేసి సొంతూరు వెళ్లిపోయిన కాంట్రాక్టు కార్మికుడి ముఖం డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఎప్పుడు తీసేస్తారు? కంపెనీతో మాట్లాడి మెయిల్ పెడతామన్నారు. ఆ మెయిల్ రాలేదు.

ఇక అన్నిటికన్నా పెద్ద లోటు కాంట్రాక్టు కార్మికుల గురించి. రెండు రోజుల్లో వాళ్లకి దక్కింది ఆ న్యాయవాది చెప్పిన పది నిమిషాలు. మా యూనిట్‌లో పర్మినెంట్ వాళ్లకంటే కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే ఎక్కువ. ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి ఇస్నాపూర్ చుట్టుపక్కల గదుల్లో ఉంటారు. 2025 జూన్ 30న మా పారిశ్రామికవాడలోనే ఒక ఫార్మా కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఇక్కడ హెచ్‌ఆర్ చేసే ఏ మనిషైనా తనని తాను వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న, ఈ నిమిషాన లోపల ఎవరెవరు ఉన్నారు, వాళ్ల ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి అన్నది. ఇప్పుడు మా గేటు దగ్గర ప్రతి షిఫ్టుకి డిపార్ట్‌మెంట్ వారీగా ఫొటోతో, ఈఎస్ఐ నంబరుతో, ఊళ్లో ఇంటివాళ్ల ఫోన్ నంబరుతో కాంట్రాక్టు వాళ్ల జాబితా ఉంటుంది. కాంట్రాక్టర్ హాజరు పట్టీకీ మా జాబితాకీ తేడా వస్తే ఆ షిఫ్టు లోపలికి వెళ్లదు. మొదట్లో ప్రొడక్షన్ వాళ్లు గొడవపడ్డారు. నేను వెనక్కి తగ్గలేదు.

కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే కట్టాల్సింది ప్రధాన యజమానే, అంటే పని చేయించుకునే కంపెనీయే. ముఖ్యమైన ఉత్పత్తి పనుల్లో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టడం మీద కొత్త కోడ్‌లో నిషేధం ఉంది, దానికి మినహాయింపులూ ఉన్నాయి. ఫార్మాలో గ్రాన్యులేషన్ (మందు పొడిని రవ్వలా చేయడం) ముఖ్యమైన పనే, మరి ప్యాకింగ్? సామాను ఎత్తి దించడం? ఇవి ఒక పూట కూర్చుని తేల్చుకోవాల్సిన విషయాలు. దీనికి ఒక పూట ఇవ్వని కార్యక్రమం తన పేరులో 'ప్రాధాన్యాలు' అని రాసుకోవడం నాకు బాధగా అనిపించింది. మనుషుల్లో సగానికి పైగా మన లెక్కలో లేనప్పుడు మిగతా ప్రాధాన్యాలన్నీ ఎవరి కోసం?

రెండో మధ్యాహ్నం మళ్లీ నిలబెట్టింది. పాఠం లైన్ సూపర్‌వైజర్ల గురించి. చెప్పినావిడ గతంలో ఒక ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో షాప్ ఫ్లోర్ మీద పనిచేసినావిడ, మొత్తం తెలుగులో చెప్పారు. మనుషులు కంపెనీని చూసి చేరతారు, సూపర్‌వైజర్ నోటిని చూసి మానేస్తారు అన్నది ఆవిడ వాదన, నా అనుభవంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. మాలో ఇద్దర్ని లేపి ఒకర్ని ఆపరేటర్, ఒకర్ని సూపర్‌వైజర్ చేశారు. డిస్పాచ్ వారంలో చెల్లెలి పెళ్లికి సెలవు అడగాలి. సూపర్‌వైజర్ వేషం వేసినాయన "ఇప్పుడు కుదరదు, వెళ్లాలనుకుంటే మళ్లీ రాకు" అన్నారు, అలవాటుగా వచ్చేసింది ఆయనకి. ఆవిడ ఆపి, "పెళ్లి తేదీ ఎప్పుడు? నీ మెషీన్ ఎవరికి వచ్చు? వాణ్ని ఇప్పుడే పిలుద్దామా?" అని మూడు ప్రశ్నలు అడిగించారు. సెలవు ఇచ్చారా లేదా అన్నది కాదు, అడిగిన మనిషిని మనిషిగా చూశారా అన్నది.

దీన్ని మా దగ్గర షిఫ్టు మారే సమయంలో సూపర్‌వైజర్లతో చేయించాను. మా కోటింగ్ (మాత్రలకి పూత వేసే) సూపర్‌వైజర్, బాగా సీనియర్, మొదట "మేడమ్, ఇవన్నీ నాటకాలు" అన్నాడు. తర్వాతి నెల తనే వచ్చి, "మేడమ్, ఆ కుర్రాడు మానేస్తానన్నాడు, కూర్చోబెట్టి అడిగితే వాళ్లమ్మకి డయాలసిస్ అంట, నైట్ షిఫ్ట్ నుంచి మార్చేద్దాం" అన్నాడు. మార్చాం. రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లడానికి అతనికి పగటి సమయం కుదిరింది.

ఆ పాఠంలోనే ఆడవాళ్ల నైట్ షిఫ్ట్ ప్రస్తావన వచ్చింది. సమ్మతి ఉంటే రాత్రి పనికి పెట్టుకోవచ్చని కోడ్ చెప్తుంది. ముత్తంగి, పటాన్‌చెరు, సంగారెడ్డి నుంచి మా ప్యాకింగ్‌కి వచ్చే ఆడవాళ్లలో కొందరికి రాత్రి షిఫ్టే కావాలి, పిల్లలు బడికి వెళ్లే వేళ ఇంట్లో ఉండొచ్చని. ఇంకొందరు అడిగినవాళ్లకి కాదని చెప్పలేక సంతకం పెడతారు. ఆ తేడా కనుక్కోవాల్సింది మనమే. సూపర్‌వైజర్ ఎదుట కాకుండా విడిగా మాట్లాడి, వద్దన్నా నష్టం లేదని చెప్పి, అప్పుడు సంతకం తీసుకోమని ఆవిడ ఇచ్చిన సలహాని ఇప్పుడు పాటిస్తున్నాను. ఇంటి గుమ్మం దాకా బండి ఏర్పాటు లేకపోతే అసలు ఆ మాట ఎత్తకూడదు.

భోజనం బాగుంది. ఇచ్చిన ఫైలులో పనికొచ్చేవి జీతం లెక్కల పట్టిక, సెటిల్మెంట్ చెక్‌లిస్టు. మిగతాది స్లైడ్ల అచ్చు.

ఐటీ కంపెనీల వాళ్లకి ఉదయం పాఠాలు నచ్చాయి, వాళ్లతో మాట్లాడాను కాబట్టి చెప్తున్నాను. ఫ్యాక్టరీ, ఆసుపత్రి, హోటల్, గోడౌన్ లాంటి చోట్ల పనిచేసేవాళ్లు డబ్బు కట్టే ముందు నిర్వాహకులకి ఫోన్ చేసి అడగండి: కాంట్రాక్టు కార్మికుల మీద ఎంత సమయం ఇస్తున్నారు, జీతం లెక్కలు చేయిస్తారా, స్పాన్సర్ పాఠాలు ఏవి, ఒక్క రోజుకి చేరే వీలుందా. ఒకే ఫీజు మీద ఒక్కో పూటకి ఒక్కొక్కరు రావడానికి మా వాళ్లు అడిగితే ఒప్పుకున్నారు. అందుకే వచ్చే బ్యాచ్‌కి నేను వెళ్లడం లేదు. లేబర్ కోడ్‌ల పూటకి పేరోల్ చూసే అమ్మాయిని, సూపర్‌వైజర్ల పూటకి ఆ కోటింగ్ సూపర్‌వైజర్‌నే పంపుతున్నాం.