విశాఖ తీరంలో రెండు కొండలు: డాల్ఫిన్ నోస్, తొట్లకొండ

ఒక్క సాయంత్రమే చేతిలో ఉంటే ఏ కొండెక్కాలి? నేనైతే తొట్లకొండకే ఓటేస్తాను.

డాల్ఫిన్ నోస్ అందం దాని మొరటుతనంలోనే ఉంది. ఎర్రటి ఖోండలైట్ రాయి నిలువుగా సముద్రంలోకి దూసుకొస్తుంది. 1933లో ప్రారంభమైన ఓడరేవుకు కొండంత అండ ఇదే. ఇసుక మేట వేయకుండా దీని ముందు అప్పట్లో రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. పైన లైట్‌హౌస్ ఉంది, కానీ నేవీ ప్రాంతం కాబట్టి ఇష్టం వచ్చినట్టు తిరగలేం.

భీమిలి రోడ్డులోని తొట్లకొండ అంత నిటారుగా ఉండదు. కానీ రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు వర్షాకాలం గడిపారు. 1988-93 తవ్వకాల్లో స్తూపం, చైత్యాలు, వరుసగా చిన్న చిన్న గదులు, శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. బండలో తొలిచిన నీటి తొట్ల అంచున నిలబడి చూడండి, వాననీటిని ఎంత ఒడుపుగా పట్టుకున్నారో తెలుస్తుంది. ఆ గదుల గుమ్మాల్లోంచి కనిపించే సముద్రం మాత్రం డాల్ఫిన్ నోస్ మీద దొరకదు.

ఓడలంటే పిచ్చి ఉన్న పిల్లలు వెంట ఉంటే మాత్రం డాల్ఫిన్ నోస్‌కే వెళ్లండి. లైట్‌హౌస్ తెరిచే వేళ ముందే కనుక్కోండి.