గెరెవిచ్, వెజాలీ: ఇద్దరు ఫెన్సింగ్ విజేతలు
హంగరీకి చెందిన అలదార్ గెరెవిచ్ 1932 నుంచి 1960 వరకు, యుద్ధం వల్ల మధ్యలో రెండు ఒలింపిక్స్ రద్దయినప్పటికీ, ఆరు ఒలింపిక్స్‌లో సేబర్ (అంచుతో వేటు కూడా వేయగల కత్తి) జట్టు స్వర్ణం గెలుచుకున్నారు. చివరిసారి ఆయన వయసు 50. ఇటలీ క్రీడాకారిణి వాలెంతీనా వెజాలీ ఫాయిల్‌లో (మొనతో మాత్రమే పొడిచే తేలికపాటి కత్తి) 2000, 2004, 2008లలో వరుసగా మూడు వ్యక్తిగత స్వర్ణాలు సాధించారు. మొత్తం స్వర్ణాలు ఆయనకు ఏడు, ఆమెకు ఆరు అయినా, ఆయన వ్యక్తిగత స్వర్ణం 1948 నాటిది ఒక్కటే కాబట్టి, ఒంటరి పోరులో వెజాలీదే పైచేయి అని నా అభిప్రాయం. 2008 బీజింగ్ ఫైనల్లో స్కోరు 5-5 వద్ద నిలిచినప్పుడు, గడియారంలో ఇంకా కొన్ని క్షణాలే మిగిలి ఉండగా, ఆమె ఒక్క పోటుతో దక్షిణ కొరియాకు చెందిన నామ్ హ్యున్ హీపై గెలిచారు. ఆ పోటును, కత్తి తగలగానే వెలిగే విద్యుత్ దీపం వెంటనే చూపింది. గెరెవిచ్ కాలంలో సేబర్ వేటును న్యాయనిర్ణేతలు కంటితోనే తేల్చేవారు.