అల్ బలాగతుల్ వాజిహా: నాలుగేళ్లు చదివాక

ఇది బలాగ, అంటే మాటను సందర్భానికి తగ్గట్టు చెప్పే అరబీ శాస్త్రం, నేర్పే పాఠ్యపుస్తకం. ఎవరిదో, ఎన్ని భాగాలో ఇక్కడ చెప్పను. నహ్వు (వాక్య వ్యాకరణం), సర్ఫు (పదరూపాల వ్యాకరణం) ముగించి బలాగలోకి వచ్చినవాళ్ల చేతిలో ఇది ఎప్పుడో ఒకప్పుడు పడే ఉంటుంది. నేను చెప్పాలనుకున్నది ఇందులోని ‘బహస్’ గురించి. ముందు ఉదాహరణలు, వెంటనే వాటి మీద చర్చ, సూత్రం ఆ తర్వాతే. మధ్యలో ఉన్న ఆ చర్చ కోసమే ఈ పుస్తకాన్ని ప్రాణంగా చూసుకుంటున్నాను.

హైదరాబాద్‌లో అరబీ అనువాదాలు చేస్తాను. వైద్యం కోసం గల్ఫ్ నుంచి వచ్చే కుటుంబాలకు వెళ్లే ఉత్తరాలే ఎక్కువ. అప్పట్లో నాకు ‘ఇన్న’ అంటే మహా మోజు. తర్వాతి నామానికి నసబ్ (మామూలుగా ‘అ’ ముగింపు), ఖబర్‌కు, అంటే ఆ నామం గురించి చెప్పే మాటకు, రఫా (మామూలుగా ‘ఉ’ ముగింపు), అర్థం ‘నిశ్చయంగా’. నాకు తెలిసింది అంతే. దానితో మొదలైతే వాక్యానికి హుందాతనం వస్తుందని పేరాకొకటి పెట్టేవాణ్ని, వీలుంటే ఖబర్ ముందు ఇంకా నొక్కిచెప్పే ‘ల’ కూడా.

ఒకసారి ఒక పెద్దాయన కొడుక్కి రాశాను: ‘ఇన్నత్తఖ్రీర లజాహిజ్’, రిపోర్టు సిద్ధంగా ఉంది. కింద ‘ఇన్నత్తబీబ లమౌజూద్’, డాక్టరుగారు ఉన్నారు. గంటలో ఫోను వచ్చింది. “మీ మాట నమ్మలేదని మేమెప్పుడన్నాం? ఎందుకంత గట్టిగా చెబుతున్నారు?” మనిషి గొంతులో నిజంగానే నొప్పి ఉంది. ఉత్తరం మళ్లీ చూశాను. ఒక్క హరకత్ (స్వరాల గుర్తు) తప్పు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దానికి జవాబు ఈ పుస్తకంలో, మఆనీ (సందర్భానికి తగిన వాక్యాల) భాగంలో దొరికింది. చెప్పే మాట మూడు రకాలు: ఇబ్తిదాయీ, తలబీ, ఇన్కారీ. వినేవాడి మనసులో ఏమీ లేకపోతే ఒట్టి వాక్యం చాలు. సందేహిస్తుంటే ఒక తౌకీద్ (నొక్కిచెప్పే మాట) వేస్తే మంచిది. కాదంటుంటే మాత్రం వేసి తీరాలి, ఎంత గట్టిగా కాదంటే అంత. తెలుగులో ఇది మనకు ఉగ్గుపాలతో వచ్చింది. ‘రిపోర్టు వచ్చింది’, ‘రిపోర్టు నిజంగానే వచ్చింది’, ‘ఒట్టు, రిపోర్టు వచ్చిందండీ’. ఎవరూ అడగకుండా మూడోది అంటే ఎదుటివాడికి లేని అనుమానం పుడుతుంది. నేను అరబీలో చేసింది అదే.

మా ఉస్తాద్‌గారు ఖురాన్‌లో యాసీన్ సూరా తీసి 14, 16 ఆయతులు పక్కపక్కన చదివించారు. ఊరివాళ్లు ఇద్దరు దూతలను కాదన్నాక మూడోవారు తోడై, ముగ్గురూ ‘ఇన్నా ఇలైకుమ్ ముర్సలూన్’, నిశ్చయంగా మేము మీ దగ్గరికి పంపబడినవాళ్లం, అంటారు. మీవన్నీ అబద్ధాలే అని ఊరు మళ్లీ తిప్పికొడుతుంది. అప్పుడు ‘రబ్బునా యఅలము ఇన్నా ఇలైకుమ్ లముర్సలూన్’ అంటారు. ప్రభువుకు తెలుసని ఒట్టులాంటి మాట ముందు చేరింది, వెనక ‘ల’ చేరింది. అల్ కిందీ అంతటి తత్వవేత్త కూడా అరబ్బుల మాటల్లో ఈ ‘ఇన్న’, ‘ల’ లాంటివన్నీ ఉత్త పూరకాలే అనుకున్నాడని, అర్థాలు వేరువేరని ఒక వ్యాకరణవేత్త విప్పిచెప్పాడని 1078లో కన్నుమూసిన బలాగ పండితుడు అబ్దుల్ ఖాహిర్ అల్ జుర్జానీ రాశాడు.

ఇక బయాన్ (ఉపమలాంటి అలంకారాల భాగం) తెలుగువాళ్లకు నల్లేరు మీద బండి నడకే. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం బడిలో చదివాం కదా. ముషబ్బహ్, ముషబ్బహ్ బిహీ, వజ్‌హుష్షబహ్, అదాతుత్తష్బీహ్ అచ్చంగా అవే నాలుగూ.

బహస్‌ను ఇంత పొగిడాను కానీ, రెండో ఏడు ఒకటి గమనించాను. అది మన బదులు ఆలోచించి పెడుతుంది. చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, అభ్యాసాలకు వచ్చేసరికి చెయ్యి ఆడదు. వాటి జవాబులకు ‘దలీల్’ విడిగా కొనుక్కోవాలి. ఉదాహరణల్లో ముతనబ్బీ, బుహ్తురీ లాంటి పాతకాలపు కవుల పద్యపాదాలు ఎక్కువ, నేను రోజూ రాసే ఉత్తరాల అరబీ తక్కువ. పైగా నా దగ్గరున్నది చవక అచ్చు. ఒకచోట హరకత్‌లు ఎగిరిపోయి ‘కుతిల’ను ‘కతల’గా చదువుకున్నాను. చంపబడినవాడు చంపినవాడై కూర్చున్నాడు, రెండు సాయంత్రాలు పోయాయి. వంద రూపాయలు ఎక్కువైనా హరకత్‌లు స్పష్టంగా ఉన్న ప్రతి చూసి తీసుకోండి.

నాకు ముందే మూడేళ్ల నహ్వు ఉంది, వారానికి రెండు రోజులు ఉస్తాద్‌గారి దగ్గర కూర్చునే వీలుంది. ఆ రెండూ లేనివాళ్లకు ఇది ఇంతే పనికొస్తుందని చెప్పలేను. ఎఅరాబ్ (పదాల చివరి స్వరాల మార్పు) ఇంకా తడబడుతుంటే మాత్రం ఒక ఏడాది ఆగమంటాను.

ఇప్పుడు మూడోసారి ఫస్ల్, వస్ల్ (వాక్యాల మధ్య ‘వ’, అంటే ‘మరియు’, వదలడం, పెట్టడం) దగ్గరున్నాను. ఇంకేమైనా కావాలా అని అడిగితే, ‘లా, వ బారకల్లాహు ఫీక్’. వద్దు, దేవుడు నిన్ను చల్లగా చూడాలి. మధ్యలోని ఆ ‘వ’ జారిపోతే దీవెన కాస్తా శాపంలా వినిపిస్తుంది. అందుకే ఈ వారమంతా పాత ఉత్తరాలు తెరిచి నా ‘వ’లు చూసుకుంటున్నాను.